బండ మీద మనిషి

“ఎవరైనా రాయి విసిరితే ఏం చేస్తావురా?”

కృపమ్మ ఆ మాట అనేసరికి కిరణ్ పాల్ ఇంకా గుమ్మం కూడా దాటలేదు. స్టూలు మీద కూర్చుని కొత్త తోలు చెప్పుల పట్టీతో కుస్తీ పడుతున్నాడు. ముప్పై అయిదేళ్లు బూట్లలో దాగిన పాదాలు ఎండ మొహం ఎరగనట్టు తెల్లగా, మెత్తగా ఉన్నాయి. నాలుగు రోజుల నడకకే మడమల మీద బొబ్బలు లేచాయి.

“రాళ్లెవరు విసురుతారమ్మా? దండలు వేస్తున్నారు.”

“దండలో ఏం పెట్టి వేస్తారో ఎవడు చూశాడు?”

“ముప్పై అయిదేళ్లు తుపాకులున్న చోటికి పంపావు. ఇప్పుడు బంతిపూలకు భయపడుతున్నావా?”

“నేను పంపానా? నువ్వు పోయావు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.”

కిరణ్ పాల్ పోయినేడు పోలీసు కమిషనర్‌గా రిటైరయ్యాడు. ఇప్పుడు కార్పొరేటర్‌గా నిలబడ్డాడు. గెలిస్తే మేయర్ కుర్చీ సారుదేనని పార్టీ పెద్దలు మాటిచ్చారని డివిజన్ ఇన్‌చార్జి నరేందర్ రోజుకు రెండుసార్లయినా చెబుతాడు. అతను చెప్పిన ప్రతిసారీ కృపమ్మ ఒకటే అనుకుంటుంది. ఎంత పెద్ద కుర్చీ అయితే అంతమంది కళ్లు దాని మీద.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కొడుకు బయల్దేరే ముందు టోపీ లోపలి అంచుకు ప్రార్థన నూనె చుక్క రాసి ఇచ్చేది. ఇప్పుడు టోపీ లేదు. చూపుడువేలు నూనెలో ముంచి, ఎక్కడ రాయాలో తెలియక కాసేపు గాల్లోనే పట్టుకుని, చివరికి తెల్లచొక్కా కాలరు వెనక రాసింది.

“మరక పడుతుందమ్మా.”

“పడనీ.”

ఆరోజు ప్రచారం వాళ్ల అపార్ట్‌మెంట్ నుంచే మొదలు. కళ్ల ముందు ఉంటే భయం కొంత తగ్గుతుందని కృపమ్మ కూడా వెంట వెళ్లింది. మనవరాలు దీవెన ఆఫీసుకు సెలవు పెట్టి, ఫోన్‌లో ఓటర్ల జాబితా చూస్తూ ముందు నడిచింది. మూడో అంతస్తులో కిరణ్ పాల్ బెల్లు నొక్కి, వెంటనే రెండడుగులు పక్కకు జరిగి గోడకు వీపు ఆనించాడు. తలుపు తీసిన ఆడమనిషి ఎదురుగా ఎవరూ లేకపోయేసరికి “పిల్లలా, గాడిదలా?” అని గొణిగి తలుపు వేసేసింది.

“సార్, మల్ల పక్కకు జరిగిన్రు!” నరేందర్ నెత్తి కొట్టుకున్నాడు. “ఓటు అడిగెటోడు తలుపు ముంగట నిలబడాలె. దాక్కుంటే ఎట్ల?”

“అలవాటయ్యా. తలుపు తెరిచేవాడి చేతిలో ఏముందో తెలియదు కదా.”

“పుల్కాల కర్ర ఉంటది సార్. గంతే.”

“ఇది రెయిడ్ కాదు నాన్నా,” అంది దీవెన, నవ్వాపుకోలేక.

కిరణ్ పాల్ కూడా నవ్వాడు. తర్వాతి తలుపు దగ్గర ఎదురుగానే నిలబడ్డాడు. కానీ బెల్లు మోగిన ఆ నాలుగు క్షణాలూ అతని కుడిభుజం గోడవైపు లాగుతూనే ఉండటం తల్లి చూసింది. భయం తనకొక్కదానికే ఉందనుకుంది ఇన్నాళ్లూ.

సాయంత్రం అయిదింటికి ఎప్పటిలాగే రొట్టెల కోసం కిందికి దిగింది. కొడుక్కి షుగరు. రాత్రిపూట రెండు జొన్నరొట్టెలు తప్ప ఇంకేం తినడు. చెరువు రోడ్డు మలుపులో భాగ్యమ్మ బండి ఉంటుంది. ఆఫీసుల నుంచి వచ్చే పిల్లలు మెడలో కార్డులు తీయకుండానే దాని చుట్టూ నిలబడతారు. కొడుకు రిటైరై మళ్లీ ఈ ఊరికి వచ్చిన ఈ ఏడాదిలో కృపమ్మకు తీరిగ్గా మాట్లాడే మనిషంటూ దొరికింది భాగ్యమ్మే.

భాగ్యమ్మ చేతులను చూస్తూ నిలబడటం కృపమ్మకు ఇష్టం. వేడినీళ్లతో కలిపిన పిండి ముద్దను చెక్క మీద పెట్టి, అరచేత్తో తట్టి, కొంచెం తిప్పి, మళ్లీ తట్టేది. రొట్టె దానంతటదే పెరుగుతున్నట్టు ఉండేది. పెనం మీద వేశాక తడిగుడ్డతో పైన ఒక్కసారి తుడిచేది. ఆ తుడుపుకు లేచే ఆవిరిలో పొలం వాసన. బండి వెనక తలకు తువ్వాలు చుట్టుకుని, ఎప్పుడూ తలెత్తకుండా పిండి కలిపే ముసలాయన ఆమె పెనిమిటి. ఈరోజు ఆ పీట ఖాళీగా ఉంది.

“ఒక్కదానివే ఉన్నావేం భాగ్యమ్మా? మీ ఆయనేడి?”

“స్టేషన్‌కు పోయిండమ్మా.”

“అయ్యో దేవా! యాక్సిడెంటా?”

“యాక్సిడెంటు లేదు, ఏం లేదు. ఎలక్షన్లు గద, పిలిచిన్రు. ఆయన మీద రౌడీ షీటున్నది.” ఉల్లిగడ్డలు అయిపోయాయన్నంత తేలిగ్గా చెప్పింది భాగ్యమ్మ.

కృపమ్మ తనకు తెలియకుండానే వెనక్కి జరిగింది.

“గట్ల ఎనుకకు జరగకమ్మా! కోడిని కొయ్యమంటే పక్కింటోళ్లను పిలుస్తడు ఆయన.” భాగ్యమ్మ రొట్టె తిరగేసింది. “ఎలక్షన్లు వచ్చినా, వినాయక నిమజ్జనం వచ్చినా పిలుస్తరు. గొడవ చెయ్యనని ఎమ్మార్వో ముంగట సంతకం పెట్టాలె. ఎలక్షన్లయిపోయేదాంక ప్రతి ఆదివారం పది గంటలకు స్టేషన్ల బెంచి మీద కూసోవాలె. ఇరవై ఏండ్ల సంది ఇదే కత. వచ్చిన సారల్లా ఎవలో పాత సారు తెరిచిండట, నాకెందుకు అంటడు.”

“ఇంతకీ ఏం చేశాడని?”

“బండ మీద కూసున్నడు.”

“బండ మీద కూర్చుంటే?”

“గప్పుడు రాళ్లు కొట్టేటోడు. మా పింకీకి నాలుగేండ్లు. అంగన్‌వాడీల ఏసినం. తండ్రి కనబడకపోతే గుక్కపెట్టి ఏడ్సేది. కిటికీలకెల్లి కనబడాలెనని ఎదురుంగ బండ మీద కూసునేటోడు. పొద్దుగాల తొమ్మిదికి పోయి, పిల్ల తిని పండుకున్నంక పన్నెండింటికి లేసి పనికి పోయేటోడు. ఆ అంగన్‌వాడీ పక్క మేడ మీద ఎవలో పోలీసు పెద్దసారు కిరాయికుండెనట. ఆ సారు ఇంటినే చూస్తుండు, సంచిల ఇనుప సామానుందని ఎవలో చెప్పిన్రట. వచ్చి పట్టుకపోయిన్రు. సంచిల ఉలి, సుత్తె. గవ్వే ఆయుధాలని రాసుకున్నరు.” చెక్క మీద కొత్త ముద్ద పెట్టింది. “అప్పటి సంది మాట బందయ్యింది ఆయనకు. చెవిటోడు కాదు, మూగోడు కాదు. మాట్లాడడంతే. ఇంగో, రొట్టెలు తీస్కో అమ్మా. వేడిగున్నయి, పైలం.”

కృపమ్మ రొట్టెల పొట్లం అందుకుంది. వేడి వేళ్లకు అంటుకుంటున్నా చేయి మార్చుకోవాలని తోచలేదు. ఇంటిదాకా అలాగే నడిచింది.

ఇరవై ఏళ్ల కిందట వాళ్లున్న మేడ మీద అద్దాల కిటికీ. ఎదురుగా ఏనుగు వీపు లాంటి బండ. దాని మీద సంచి పక్కన పెట్టుకుని కూర్చున్న మనిషి. అప్పటికి వారం కిందటే ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు, ఏసీపీ కిరణ్ పాల్‌ని చంపుతామని. పైగా ఆ మనిషి రోజూ సరిగ్గా పన్నెండింటికి లేచి, తన కిటికీవైపు చూసి, చెయ్యెత్తి, అప్పుడు వెళ్లేవాడు. ఎవరికో సైగ అనుకుంది ఆమె. కొడుకు అన్నం తింటుంటే చెప్పింది. మర్నాటి నుంచి బండ ఖాళీ. ఆమె మోకాళ్ల మీద పడి దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

*

కిరణ్ పాల్ ఎనిమిదింటికి వచ్చాడు. కృపమ్మ ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ల బకెట్టు తెచ్చి అతని ముందు పెట్టింది. పాదాలు ముంచి కళ్లు మూసుకున్నాడు. రొట్టె ముక్కలు చేసి కూరలో అద్ది అందిస్తూ, మూడో ముక్క దగ్గర ఆగింది.

“పాత ఇంట్లో ఉన్నప్పుడు బండ మీద ఒక మనిషి కూర్చునేవాడు. గుర్తుందా?”

కళ్లు తెరవలేదు. “వీరేశం. తండ్రి పేరు బాలయ్య.”

పోలీసులకు మనుషులు అలాగే గుర్తుంటారు కాబోలు, తండ్రి పేరుతో సహా. మరిచిపోయి ఉంటాడనుకుంది. మరిచిపోతే బాగుండేదనీ అనుకుంది. భాగ్యమ్మ చెప్పిందంతా చెప్పింది. పింకీ గురించి చెబుతున్నప్పుడు అతని కాళ్లు నీళ్లలో కదలడం మానేశాయి.

“రాతపూర్వకంగా ఫిర్యాదు లేదు. సాక్షులూ లేరు,” అన్నాడు. “నీ మాటొక్కటే. నువ్వు భయపడ్డావు, నిన్ను చూసి నేను భయపడ్డాను. ఎవరినీ ఏమీ అడగలేదు, సంతకం పెట్టాను. మూడు నెలలకు బదిలీ అయింది. మనం వెళ్లిపోతాం గానీ షీట్లు బదిలీ కావమ్మా.”

“ఇప్పుడు తీయించరా.”

“ఇప్పుడు నేనెవర్ని? అభ్యర్థిని. నేను ఫోన్ చేస్తే ఆఫీసర్ మీద ఒత్తిడి తెచ్చినట్టు.”

నరేందర్ మర్నాటి కరపత్రాల కట్టతో అప్పుడే లోపలికి వచ్చాడు. సంగతి సగం విన్నాడు, మిగతా సగం అతనికి కృపమ్మే చెప్పింది. దాచడం ఆమెకు చేతకాదు. అతను కట్ట కింద పెట్టేశాడు.

“అమ్మా, నీకు దండం పెడ్త. ఈ ముచ్చట ఈ గోడ దాటొద్దు. అవతలోళ్లకు తెలిస్తే ‘అమాయకుణ్ణి రౌడీని చేసిండు’ అని ఫ్లెక్సీలు కడ్తరు. ఎలక్షన్లు కానియ్యి. సారు మేయరైతడు. గప్పుడు ఒక్క మాటతోని అయిపోతది.”

“ఈలోగా ఇంకా రెండు ఆదివారాలున్నాయి గదయ్యా.”

“ఇరవై ఏండ్లు కూసున్నడు. రెండు ఆదివారాలకేమైతది?”

కృపమ్మ కొడుకు మొహంలోకి చూసింది. అతను నీళ్లలోంచి పాదాలు తీసి, తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంటున్నాడు. అవునని గానీ కాదని గానీ అనలేదు.

శుక్రవారం కూడా అనలేదు. పొద్దున చొక్కా కాలరు వంచి నూనె రాయించుకున్నాడు, వెళ్లాడు, వచ్చాడు. కృపమ్మ సాయంత్రం కిందికి దిగలేదు. ఆ చేతుల ముందు ఎలా నిలబడాలో తెలియలేదు. గోధుమపిండి కలిపి తనే ఏవో చపాతీలు చేసింది. కిరణ్ పాల్ ఒకటి తిని చాలన్నాడు. శనివారం దీవెనను రొట్టెలకు పంపితే రెండు చెబితే మూడు తెచ్చింది.

“మూడోది నీకట. ‘నానమ్మ రెండు దినాల సంది కనబడతలేదు, పానం మంచిగ లేదా’ అని అడిగింది, నానమ్మా. డబ్బులిస్తే తీసుకోలేదు.”

ఆ మూడో రొట్టె కృపమ్మకు గొంతు దిగలేదు. మంచం మీద పడుకుని రకరకాలుగా ఊహించుకుంది. భాగ్యమ్మకు తెలిసిపోతుంది. వీరేశం ఆ సుత్తె ఇంకా దాచుకునే ఉంటాడు. పాదయాత్ర ఆ సందులోకి వస్తుంది. జనం మధ్యలో నుంచి ఒక చెయ్యి పైకి లేస్తుంది. ఇరవై ఏళ్ల నాటి ఆ చెయ్యే.

*

ఆదివారం ఆరాధనకు కిరణ్ పాల్ ముందు వరుసలో కూర్చోవాలి. పాస్టరుగారు అతని కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేస్తామన్నారు. నరేందర్ నలభై మందితో, డప్పులతో చర్చి గేటు బయట సిద్ధంగా ఉన్నాడు. “మీరు ముందు వెళ్లండి, నేను వెనక వస్తాను,” అన్నాడు కిరణ్ పాల్ పొద్దున. అతనికి నూనె రాయకుండానే తను వచ్చేసిన సంగతి మొదటి పాట సగంలో ఉండగా గుర్తొచ్చింది కృపమ్మకు.

పాట అయింది. వాక్యం చదివారు. పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది. తొమ్మిదీ యాభై.

“ఫోన్ చెయ్యవే.”

“చేశాను నానమ్మా. రింగవుతోంది, ఎత్తట్లేదు. ఆగు, ఇంట్లో ఉన్న అమ్మకు చేస్తా.” దీవెన తల వంచుకుని గుసగుసలాడి పెట్టేసింది. “ఫోన్ ఇంట్లోనే వదిలేశాడట. డ్రైవర్‌ని కూడా వద్దన్నాడట. నడిచే వెళ్లాడట.”

కృపమ్మ కళ్ల ముందు అన్నీ ఒకేసారి వచ్చి నిలబడ్డాయి. లారీ, చెరువు, కత్తి, గుండెపోటు. లేచింది. డెబ్బై తొమ్మిదేళ్ల జీవితంలో ముగింపు ప్రార్థన కాకముందే ఆరాధన మధ్యలో లేవడం ఇదే మొదలు. గేటు దగ్గర నరేందర్ ఎదురయ్యాడు.

“సార్ రాలేదా? అమ్మా, సార్ ఏడికి పోయిండు? డప్పులోళ్లకు టైం చెప్పిన!”

ఆమె జవాబు చెప్పబోయి ఆగిపోయింది. చర్చి గోడ మీద గడియారం. ఆదివారం. పది.

“ఆటో పిలువమ్మాయ్,” అంది దీవెనతో. “స్టేషన్‌కి.”

కొడుకు ముప్పై అయిదేళ్లు చేసిన ఉద్యోగంలో ఒక్కసారి కూడా ఆమె స్టేషన్ గడప తొక్కలేదు. అక్కడ ఏం చూడాల్సి వస్తుందోనన్న భయం. మెట్లెక్కుతూ దీవెన భుజం గట్టిగా పట్టుకుంది. లోపల ఫినాయిలు వాసన, ఎక్కడో వైర్‌లెస్ గురగుర. వరండాలో గోడవారగా పొడుగాటి చెక్కబెంచి. దాని మీద అయిదారుగురు మగవాళ్లు. ఆ చివర తలకు తువ్వాలు చుట్టుకున్న ముసలాయన. అతని పక్కన, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తెల్లచొక్కాలో కిరణ్ పాల్.

ఇద్దరి మధ్య జానెడు ఖాళీ. ఇద్దరూ ఎదురుగోడనే చూస్తున్నారు.

ఊపిరాడినట్టయింది కృపమ్మకు. బతికి ఉన్నాడు. దెబ్బలేమీ లేవు. ఆ తర్వాతే సిగ్గేసింది, ముందుగా ఆ సంగతే చూసినందుకు.

ఇన్‌స్పెక్టర్ తేజస్విని ముప్పై ఏళ్లు దాటని అమ్మాయి. గది గుమ్మంలో నిలబడి అవస్థ పడుతోంది. కూర్చోవాలా, నిలబడాలా, సెల్యూట్ కొట్టాలా తెలియడం లేదు.

“సార్, ప్లీజ్, లోపలికి రండి సార్. కుర్చీ ఉంది. తొమ్మిదిన్నర నుంచి బతిమాలుతున్నాను.”

“వరుస ఉంది కదమ్మా. నా వంతు రానీ. నా ముందున్నవాళ్ల సంతకాలు తీసుకో.”

నరేందర్ రొప్పుతూ వచ్చాడు, వెనక ఇద్దరు కుర్రాళ్లు. బెంచిని చూసి నిలువునా కూలబడబోయాడు. “సార్! రౌడీ షీటర్ల పక్కకు... ఎవలన్న ఫొటో తీస్తే రెండువేల ఓట్లు పోతయి సార్!” అంతలోనే అతని మొహంలో ఇంకో ఆలోచన మెరిసింది. ఫోన్ తీశాడు. “ఆగుండ్రి, మనమే తీద్దాం. ‘తప్పు దిద్దుకున్న నాయకుడు’ అని పెడ్తే రెండువేలు కాదు, అయిదువేలొస్తయి.”

“జేబులో పెట్టు.” గొంతు పెంచలేదు కిరణ్ పాల్. నరేందర్ ఫోన్ జేబులో పెట్టాడు. కుర్రాళ్లు కూడా పెట్టేశారు.

వంతు వచ్చింది. కిరణ్ పాల్ లేచి, బల్ల ముందు నిలబడి, మడిచి తెచ్చిన కాగితం విప్పాడు. కమిషనర్ సంతకంతో ఎన్ని వేల కాగితాలు పోయి ఉంటాయో, ఈ ఒక్క కాగితం మీద మాత్రం రాత చిన్నపిల్లవాడి కాపీలా ఉంది. “నేను ఏసీపీగా ఉండగా వీరేశం, తండ్రి బాలయ్య మీద విచారణ చేయకుండా షీటు తెరవమని ఆదేశించాను. అది నా తప్పు.” అంతే ఉంది.

తేజస్విని రెండుసార్లు చదివింది. “ఇది డీసీపీ గారికి పంపుతాను సార్. కానీ...” కాగితం బల్ల మీద పెట్టింది. “ఆరోజు సమాచారం ఇచ్చిందెవరో వారి వాంగ్మూలం కూడా ఉంటే ఫైలు ఎక్కడా ఆగదు. లేదంటే మీరు ఓట్ల కోసం రాశారంటారు.”

“ఆవిడను స్టేషన్‌కి తీసుకురావడం నాకిష్టం లేదమ్మా. పెద్దావిడ. భయస్తురాలు.”

“వచ్చే ఉన్నానురా,” అంది కృపమ్మ.

కిరణ్ పాల్ వెనక్కి తిరిగి చూశాడు. తల్లి గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది, సరిగ్గా అతను తలుపుల దగ్గర నిలబడే తీరులోనే. అతని పెదవుల చివర ఏదో కదిలింది.

“నానమ్మా, నువ్వు చెప్పు, నేను టైప్ చేస్తా,” అంది దీవెన.

“వద్దు. నేనే రాస్తా. ఏడు చదివాను.”

కుర్చీ వేశారు. కళ్లజోడు తుడుచుకుంది. పెన్ను అందుకుంది. “నా పేరు కృపమ్మ,” అని రాసింది. తర్వాత పెన్ను ఆపింది. ఆ పక్క బెంచి చివర నుంచి ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అప్పుడు రాసింది. “బండ మీద కూర్చున్న మనిషిని చూసి నేను భయపడ్డాను. ఆయన నన్నేమీ చెయ్యలేదు. నాకేమీ తెలియదు. తెలియకుండానే నా కొడుక్కి చెప్పాను. ఆయన తన పిల్ల కోసం కూర్చున్నాడు.” చివరన సంతకం పెట్టి, పక్కన పొరపాటున నూనె అంటిన వేలు ఆనించింది. పొద్దున కాలరుకు రాయాలని ముంచి, రాయకుండా కొంగుకు తుడుచుకున్న వేలు.

తేజస్విని రెండు కాగితాలూ కలిపి పిన్ను కొట్టింది. సంతకాల పుస్తకం తెరిచి, వీరేశం పేరు ఎదురుగా ఆరోజు గడిలో ఏదో రాసింది. బయటికి వచ్చి ముసలాయన ముందు నిలబడింది.

“తాతా, ఇవాళ సంతకం అక్కర్లేదు. వచ్చే ఆదివారం కూడా రావద్దు. పై నుంచి ఉత్తర్వు వచ్చాక నేనే ఇంటికొచ్చి ఇస్తాను.”

వీరేశం ఆమె మొహం చూశాడు. లేవలేదు. ఇరవై ఏళ్లుగా పన్నెండు కొట్టేదాకా కూర్చున్న బెంచి అది, వెళ్లిపొమ్మంటే కాళ్లకు నమ్మకం కుదరనట్టుంది.

“లెవ్వు పెద్దాయనా,” అన్నాడు పక్కనున్న ఇంకో షీటరు, మోచేత్తో పొడుస్తూ. “మేడం మనసు మార్చుకుంటే మల్ల కూసోవాలె.” బెంచి మీద అందరూ నవ్వారు. కానిస్టేబుల్ కూడా నవ్వాడు.

బయట ఎండ కాస్తోంది. స్టేషన్ ఆవరణలో వేపచెట్టు కింద పట్టుకొచ్చిన బళ్లు దుమ్ముకొట్టుకుని వరసగా పడి ఉన్నాయి. గేటు దగ్గర భాగ్యమ్మ స్టీలు డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ఆదివారాలు పెనిమిటికి సద్ది తెస్తుందన్నమాట. కృపమ్మను చూసి మొహం విప్పారింది, వెనక కిరణ్ పాల్‌ను చూసి ముడుచుకుంది, మళ్లీ కృపమ్మను చూసింది.

“ఏందమ్మా, నువ్విక్కడ?”

కృపమ్మకు తప్పించుకునే దారి ఉంది. కాగితంలో రాసేసింది, చాలదా? ఆ చిన్న ఇన్‌స్పెక్టరమ్మ ఎలాగూ చెబుతుంది. కానీ మూడో రొట్టె ఇంకా గొంతులోనే ఉంది.

“ఆ మేడ మీద ఉన్నది మేమే, భాగ్యమ్మా. ఆ పెద్దసారు వీడే. చెప్పింది నేను.”

భాగ్యమ్మ చేతిలో డబ్బా మూత టక్కున ఊడింది. వంగి తీసుకుంది. కొంగుతో తుడిచింది. మళ్లీ తుడిచింది.

“తెల్వకపాయె నాకు,” అంది చివరికి భాగ్యమ్మ, ఎటో చూస్తూ. “రోజు రెండు రొట్టెలు నా చేతులతోనే చేసిచ్చిన.”

“ఇచ్చావు.”

“నాకు గిట్ల కోపమొస్తే పెనం మీద పెడ్త మనుషుల్ని. ఆయన్నడుగు. నాది కాదు ఆ ఇరవై ఏండ్లు.”

కృపమ్మ వీరేశం వైపు తిరిగింది. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. బండ మీద ఉన్నప్పుడు అతనికి మొహమే లేదు ఆమెకు, ఒక ఆకారం, ఒక సంచి, ఎత్తిన చెయ్యి. ఇప్పుడు చూస్తే కనుబొమల్లో తెల్లవెంట్రుకలు, ఉలి దెబ్బ తిన్న బొటనవేలు గోరు, చొక్కా మీద ఎండిన జొన్నపిండి. ఆమె చేతులు జోడించింది. కిరణ్ పాల్ వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు, ఎదురుగా, ఎటూ పక్కకు జరగకుండా.

“అయ్యా, నీ బిడ్డ కోసం నువ్వు కూర్చుంటే, నా బిడ్డ మీదికి వచ్చావనుకున్నాను. మధ్యాహ్నం పూట నువ్వు నా వైపు చూసి చెయ్యెత్తేవాడివి. అది చూసే ఎక్కువ భయపడ్డాను. ఎందుకు ఎత్తేవాడివయ్యా?”

వీరేశం మాట్లాడలేదు.

రోడ్డు మీద సిటీ బస్సు ఒకటి ఆగి, మనుషుల్ని దింపి, పోయింది. నరేందర్ గడియారం చూసుకుని, చూసుకున్నందుకు తనే సిగ్గుపడి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. దూరంగా చర్చి దగ్గర వదిలేసి వచ్చిన డప్పులవాళ్లు విసుగుపుట్టి కాబోలు, ఒకరిద్దరు ఊరికే వాయిస్తున్నారు. భాగ్యమ్మ డబ్బా మూత పెట్టింది. దీవెన నానమ్మ వీపు మీద చెయ్యి వేసింది. కృపమ్మ జోడించిన చేతులు దించలేదు. జవాబు రాదేమో. రాకపోయినా న్యాయమే అనుకుంది. ఆశ్చర్యమేమిటంటే, భయం వేయలేదు. ఎదురుగా మనిషి ఉన్నాడు, ఆ మనిషిని ఆమె చూస్తోంది, అంతే.

వీరేశం తలకున్న తువ్వాలు విప్పాడు. మొహం తుడుచుకున్నాడు. గొంతు సవరించుకుంటే లోపల ఎప్పటిదో దుమ్ము కదిలినట్టు చప్పుడైంది. చాలాకాలం తలుపు వేసి ఉంచిన ఇంట్లోంచి వచ్చినట్టు వచ్చింది మాట, మెల్లగా, గరగరగా.

“నేను పనికి పోయేటోణ్ణి గదమ్మా. నువ్వు ఆ కిటికీ కాడనే ఉండేదానివి. మా పింకీ లేస్తే జర చూడుమని చెయ్యెత్తేటోణ్ణి.”